అర మిల్లీమీటరు తక్కువైన నలభై కడ్డీలు

2023 నవంబరు చివర్లో, దసరా అయిన నెలకు, కడప పారిశ్రామికవాడలోని ఒక చిన్న వర్క్‌షాపుకు పోయినాను. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఆర్టీసీ బస్సు. ఒళ్లో పదకొండు కిలోల బ్యాగు. దాన్ని పైన పెట్టేకి లేదు, కింద పెట్టేకి లేదు. లోపలుండే సామానుకు ఒక్క దెబ్బ తగిలినా మళ్ళీ బెంగళూరుకు పంపి సరిచేయించుకోవాలి. ఆ ఏడు వానలు మొహం చాటేసినాయి, నవంబరులో కూడా కిటికీ గాలి వేడిగానే కొడుతోంది. నాకు అప్పటికి యాభై ఒకటి నిండినాయి. మోకాళ్ళు రెండూ నా మాట వినడం మానేసి చాలా కాలమైంది.

నేను క్యాలిబ్రేషన్ ఇంజనీరును. అంటే, కొలిచే మిషన్లను కొలిచే మనిషిని. ఈ ముక్క మా అత్తకు ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నా, ఇప్పటికీ ఎవరన్నా అడిగితే ఆమె "మా కోడలు టీవీలు బాగుచేస్తుంది" అనే చెప్తుంది. నేను దిద్దడం మానేసినాను. పోయిన చోట గేటు దగ్గర నన్ను చూసి, నా వెనకాల చూస్తారు, సార్ ఏడీ అని. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు "సార్ ఇంకా బస్సు దిగలేదు, ఆయన వచ్చేలోపల నేను పని ముగిస్తా" అని లోపలికి పోతాను.

ఆ వర్క్‌షాపు రామసుబ్బయ్య శెట్టిది. వాళ్ళ పెద్దలంతా ధాన్యం వ్యాపారం. ఈయన ఒక్కడే లేత్ మిషన్లు పెట్టుకుని ఇత్తడి పనిలోకి దిగినాడు. రేడియో ప్రసార కేంద్రాల్లో సంకేతాన్ని మిషన్ నుంచి యాంటెన్నాకు మోసుకుపోయే ఇత్తడి గొట్టాలుంటాయి. జానెడు పొడవు గొట్టం, దాని నడిమధ్యలో ఒక కడ్డీ. గొట్టం ఎంత వెడల్పు, కడ్డీ ఎంత లావు అనే దాని మీద ఆ ముక్క ఇంపీడెన్స్, అంటే సంకేతానికి అది పెట్టే అడ్డు, ఆధారపడి ఉంటుంది. దారి పొడవునా ఇంపీడెన్స్ యాభై ఓములు ఉండాలి. ఎక్కడన్నా మారితే సంకేతం అక్కడ తట్టుకుని వెనక్కి తిరుగుతుంది. అదీ కథ.

అది ఎంత వెనక్కి తిరుగుతోందో చూపించే పెట్టె పేరు నెట్‌వర్క్ అనలైజర్. దాని తెర మీద ఒక ఎర్ర గీత ఉంటుంది, హద్దు. ఆకుపచ్చ గీత దాని కింద ఉంటే ముక్క పాసు, పైకి పోతే ఫెయిలు. అయితే ఆ పెట్టెకు తనంతట తనకు ఏమీ తెలియదు. పని మొదలుపెట్టే ముందు దానికి మూడు ముక్కలు తగిలించి చూపించాలి. షార్ట్ అంటే కొన మూసిన ముక్క. ఓపెన్ అంటే కొన తెరిచిన ముక్క. లోడ్ అంటే వచ్చిన సంకేతాన్నంతా మింగేసే ముక్క, దాని కడుపులో యాభై ఓముల రెసిస్టర్లు ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి క్యాలిబ్రేషన్ కిట్ అంటాం. శెట్టి వాళ్ళ పెద్దల భాషలో చెప్పాలంటే ఇవి తూకపు రాళ్ళు. రాయి అరిగితే తక్కెడను తిట్టి లాభం లేదు.

బజారులో దొరికే కిట్లు బజారు సైజులకే సరిపోతాయి. శెట్టి గొట్టాల మూతి సైజు కొనేవాళ్ళ డ్రాయింగు ప్రకారం వేరే. దానికి పనికొచ్చే కిట్ ఎవరూ అమ్మరు. అందుకని 2016లో సొంతంగా తయారు చేసుకున్నాం. మూడు ముక్కలూ లేత్ మీద తీసింది దస్తగిరి, అక్కడి టర్నరు. లోడ్ లోపల రెసిస్టర్లు గుండ్రంగా పేర్చి అతికించింది నేను. తర్వాత ఒక్కోదాన్నీ కొలిచి, షార్ట్ పొడవు ఇంత, ఓపెన్ కొన దగ్గర గాలిలోకి కారే విద్యుత్తు లెక్క ఇంత, లోడ్ అసలు విలువ 50.2 ఓములు అని మిషన్ మెమరీలో ఎక్కించినాను. మూడు రోజులు పట్టింది. నా సర్వీసు మొత్తంలో నాకు నేనే భుజం తట్టుకున్న పనులు రెండో మూడో ఉంటాయి, అందులో ఇదొకటి.

దస్తగిరి గురించి చెప్పాలి. అరవై దగ్గర పడిన మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళుగా లేత్ ముందర నిలబడినవాడు. కడ్డీని ముందు బొటనవేలితో తడిమి కొలత చెప్పి, ఆ తర్వాత వెర్నియర్ పెట్టి చూసేవాడు. ఆ రెండూ తేడా వచ్చిన రోజు నేనైతే చూడలేదు. నన్ను అమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని.

ఆ రోజు శెట్టి ఫోను చేసి పిలిపించిన సంగతి ఇది. నలభై గొట్టాల లాటు హైదరాబాదు నుంచి తిరిగొచ్చింది. వాళ్ళ మిషన్ మీద నలభైకి నలభై ఫెయిలు. వారంలోపల రిపోర్టు కావాలన్నారు. తప్పు ఎక్కడ జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఇక జరగకుండా ఏం చేసినారు, ఈ మూడూ రాసి బయటి క్యాలిబ్రేషన్ ఇంజనీరు సంతకం పెట్టాలట. లేకుంటే ఆర్డర్లు బంద్. ఆ ఆర్డర్ల మీద ఆరు కుటుంబాలు బతుకుతున్నాయి.

"మేడం, మిషను బాగుండాదని ఒక్క కాగితం రాసిచ్చి పోండి. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు శెట్టి, నేను ఇంకా బ్యాగు దించకముందే.

దస్తగిరి లేత్ ఆగి ఉంది. మీద గోనెపట్టా కప్పినారు. ఆయన ఏడీ అంటే, ఇంటికాడ ఉండమన్నానని శెట్టి చెప్పినాడు. మనిషికి కండ్లు పోయినాయట. కడ్డీ పది మిల్లీమీటర్లు ఉండాల్సింది తొమ్మిదిన్నరకు తీసినాడట. రిపోర్టులో అదే రాస్తే, కారణమూ దొరికె, మనిషీ దొరికె, మనిషిని మారుస్తామంటే మూడో ప్రశ్నకూ జవాబు దొరికె. శెట్టి చెడ్డమనిషి కాదు. దస్తగిరి భార్య ఆపరేషనుకు వేలూరుకు కారు పెట్టి పంపించింది ఈయనే. కానీ భయపడిన మనిషి ముందు తన వ్యాపారాన్ని కాపాడుకుంటాడు, ఆ తర్వాతే పక్కోడిని చూస్తాడు.

నేను మిషన్ తీసి, నా సొంత కిట్‌తో చెక్ చేసినాను. నా కిట్ బజారు సైజుది, మిషన్ ఒంట్లో రోగముంటే చెప్తుంది. ఏ రోగమూ లేదు. మిషన్ బంగారం. రిపోర్టు తీసి మొదటి వాక్యం రాసినాను: నెట్‌వర్క్ అనలైజర్ సరిగా పనిచేస్తున్నది. నిజమే కదా. నాలుగు గంటల బస్సు దొరికితే తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాను. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఆ నిమిషానికి నా తలలో ఉన్నది దస్తగిరి కాదు, ఆ బస్సు.

టీ తాగుతూ ఊరికే ఒక కడ్డీకి వెర్నియర్ పెట్టినాను. తొమ్మిదిన్నర. ఇంకోటి తీసినాను. తొమ్మిదిన్నర. మూడోది, నాలుగోది. టీ పక్కన పెట్టి నలభై కడ్డీలూ కొలిచినాను. నలభై కూడా తొమ్మిదిన్నరే, వెంట్రుకవాసి తేడా లేదు. నాకు ఒళ్ళు మండింది.

"శెట్టిగారూ, కండ్లు పోయినోడు నలభై కడ్డీలు ఒకే కొలతకు తీస్తాడా?" అన్నాను.

 చూపు లేని చేతి నుంచి ఒకటి లావు, ఒకటి సన్నం రావాలి. ఇవి ఎవరో కావాలని ఇంతే ఉండాలని తీసినవి. అప్పుడు అడిగినాను, ఆ కిట్ డబ్బా తెమ్మని.

ముందు ఆ డబ్బా దస్తగిరి దగ్గరుండేది. 2021లో షార్ట్ ముక్క ఒకరోజంతా కనపడక వెతుకులాట అయినాక, ఖరీదైన వస్తువని శెట్టి తన బీరువాలో పెట్టుకున్నాడు. డబ్బా తెరిస్తే మూడు ముక్కలూ పెళ్ళికి తీసిన చెంబుల మాదిరి ధగధగ మెరుస్తున్నాయి. లోడ్ ముక్క అంచు సందులో కుంకుమ. 

ఆయుధపూజకు వర్క్‌షాపుల్లో అన్నింటినీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టడం అందరికీ తెలిసిందే. డబ్బా దస్తగిరి దగ్గరున్నన్నాళ్ళూ ఆయన మూత మీద మాత్రం బొట్టు పెట్టించి, ముక్కల్ని గుడ్డలోంచి తీయనిచ్చేవాడు కాదు. శెట్టి చేతికొచ్చినాక ఆయన భక్తి ఆయనది. షాపులో అన్నిటికంటే ఇవే అమూల్యమని, పనోళ్ళకు ఇవ్వకుండా తానే కూర్చుని చింతపండుతో తోమేవాడట, పూజ సామాను తోమినట్లు. ఈసారి నలుపు వదలలేదని చింతపండు నీళ్ళలో రాత్రంతా నానబెట్టినాడట. ఈ మాట చెప్తూ ఆయన మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది, నేను మెచ్చుకుంటానని. పూజ అయిన మర్నాడే ఈ నలభై గొట్టాల పని మొదలుపెట్టినారు.

మల్టీమీటర్ తీసి లోడ్‌కు పెట్టినాను. 53 ఓములు. వైర్లు మార్చి పెట్టినాను. 53. పులుసు నీళ్ళు లోపలికి దిగి, నేను అతికించిన చోట తుప్పు పట్టించినాయి. మిషన్‌కు మేము చెప్పింది 50.2 అని. దాని ముందర 53 పెట్టి, ఇదే సరైనదని రోజూ నమ్మించినారు. ఆ తర్వాత డ్రాయింగు ప్రకారం తీసిన మంచి ముక్కను చూపిస్తే అది తప్పు అంటుంది. కడ్డీని సన్నం చేసుకుంటూ పోతే, అర మిల్లీమీటరు తగ్గినాక గొట్టం కూడా 53 అవుతుంది. అప్పుడు మిషన్ శభాష్ అంటుంది.

శెట్టికి ఇది అర్థమయ్యేకి పది నిమిషాలు పట్టింది. అర్థమైనాక కుర్చీలో కూలబడినాడు. అప్పుడు అడిగినాడు, ప్రతి జనవరిలో మీరొచ్చి స్టిక్కరు వేసి పోతారు కదా, మరి మీకెట్ల తెలియలేదని.

అడగాల్సిన ప్రశ్నే. మొదటి ఐదేళ్ళు నేను వచ్చినప్పుడల్లా మిషన్‌తో పాటు ఈ మూడు ముక్కల్నీ విడిగా కొలిచేదాన్ని. సగం రోజు పని అది. 2022లో బస్సుకు టైము లేదని వదిలేసినాను. ఏమీ కాలేదు. 2023లో కూడా వదిలేసినాను. మిషన్ చూసి, సరిగా ఉందని స్టిక్కరు వేసి, దాని మీద సంతకం పెట్టి పోయినాను. అప్పుడు కొలిచి ఉంటే 51 అన్నా కనపడేది, వీటిని తోమొద్దని ఆ పొద్దే చెప్పి ఉండేదాన్ని. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి పెద్దదే.

శెట్టి లేచి తలుపు దగ్గరికేసి వచ్చి, మెల్లగా అన్నాడు. "మేడం, నా తప్పు రాస్తే నా ఆర్డర్లు పోతాయి. మీ తప్పు రాస్తే మీ పేరు పోతాది. దస్తగిరి ఎట్లైనా వచ్చే ఏడు మానేసేవాడే. ఆయనను ఇంటికాడ కూచోబెట్టి బతికినన్నాళ్ళు నేను చూసుకుంటా. రాసేయండి."

కోప్పడినానని చెప్పుకోవాలనుంది. కోప్పడలేదు. అలసిపోయి ఉన్నాను, ఆ మాట సులువుగా ఉంది. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఇలాంటి సులువు ఎదురైతే, తిట్టడం కంటే ముందు దాని నీడన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. రేపు పొద్దున చెప్తానని బ్యాగు అక్కడే పెట్టి, ఆటో ఎక్కి దస్తగిరి ఇంటికి పోయినాను.

పెద్ద దర్గా వెనక వీధుల్లో రెండు గదుల ఇల్లు. మంచం మీద కూర్చుని పక్కింటివాళ్ళ కుళాయికి వాషర్ మారుస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడినాడు. భార్య నీళ్ళు తెచ్చిచ్చింది. కడ్డీ ఎందుకు తగ్గించినావన్నా అని అడిగినాను.

"మొదట పది మిల్లీలే తీస్తినమ్మా, డ్రాయింగులో ఉన్నట్ల. మిషను కాదనె. ఇంకొంచెం తియ్యి అనె శెట్టి. తీస్తి. అర మిల్లీ పోయినాక గీత దిగె. వద్దు శెట్టీ, మిషనే తప్పు చెప్తాండాది అంటి."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నీ స్టిక్కరు చూపించినాడమ్మా. మేడం చూసి సంతకం పెట్టింది, కాదనేకి నువ్వెవురు అన్యాడు. నీ సంతకం చూసి నోరు మూసుకుంటి. నువ్వు కొలిచింటావులే అనుకుంటి."

నేను కొలవలేదని ఆ నిమిషం చెప్పాలి. చెప్పలేదు. గ్లాసులో నీళ్ళు తాగినాను, ఆమె ఆరోగ్యం అడిగినాను, వస్తానన్నా అని లేచినాను. ఆ మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

బస్టాండు దగ్గర లాడ్జిలో ఉండిపోయి, పొద్దున్నే పోయి రిపోర్టు కొత్తగా రాసినాను. లోడ్ ముక్క పూజకు తోమడం వల్ల పాడైంది. రెండేళ్ళుగా దాన్ని కొలవకుండానే నేను ధ్రువీకరించినాను. టర్నరు డ్రాయింగు ప్రకారమే పని చేసినాడు, కొలత మార్చొద్దని హెచ్చరించినాడు, మేము వినలేదు. ఇవే మాటలు. శెట్టి రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టినాడు. ఆ సంతకానికి ఆయనను ఇప్పటికీ గౌరవిస్తాను.

కర్నూలులో మా ఆఫీసాయన పెద్ద గొడవ చేసినాడు. ఆ ఏడు నా ఇంక్రిమెంటు పోయింది, నాకిష్టమైన పెద్ద కంపెనీల విజిట్లు వేరేవాళ్ళకు పోయినాయి. హైదరాబాదువాళ్ళ జవాబు పది రోజులకు వచ్చింది. ఆశ్చర్యం, వాళ్ళు ఏమీ అనలేదు. కొత్త లోడ్ చేసుకుని, మళ్ళీ నలభై తీసి పంపమన్నారు. శెట్టి తానే దస్తగిరి ఇంటికి పోయి, గడపలో నిలబడి రమ్మన్నాడు. డబ్బా తాళం తన దగ్గరుంటేనే వస్తానన్నాడట దస్తగిరి. శెట్టి అక్కడికక్కడే తాళం చేతిలో పెట్టినాడు.

కొత్త ముక్కలు కొలిచి మెమరీలో ఎక్కించేకి నేను మళ్ళీ పోయినాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక దస్తగిరి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఆ కాగితంలో నా గురించి ఏం రాసినావో చదువమ్మా అన్నాడు. ఫోనులో తీసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పినాను. కొలవకుండానే నేను ధ్రువీకరించినాను అన్న చోట చెయ్యి ఎత్తి ఆపినాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివినాను.

"ఇది నీకు ఎప్పుడు తెలిసెనమ్మా?"

"మీ ఇంటికి వచ్చిన రోజే అన్నా. రాకముందే తెలుసు."

ఆయన లేత్ వైపు తిరిగినాడు. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు కష్టమైంది.

"నీ సంతకం తప్పు కాదనుకుంటి కాబట్టి, నా చెయ్యే తప్పుతాండాదేమో అనుకుంటి. పది దినాలు ఇంట్లో వెర్నియర్ పెట్టుకుని గ్లాసులు, గరిటెలు, గాజులు కొలుచుకుంటా కూచుంటి. ముందు వేలితో చెప్పేది, మా ఇంటామెతో రాయించేది, తర్వాత కొలిచేది. శెట్టి చెప్తాడని నువ్వు, నువ్వు చెప్తావని శెట్టి. ఇద్దరూ చెప్పకపోతిరి."

నిజమే. రిపోర్టు రాసేసినాను కదా, నా పని అయిపోయిందని కర్నూలు బస్సెక్కినాను. హైదరాబాదులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి నా తప్పు ఒప్పుకున్నాను. ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న మనిషికి ఒప్పుకోలేదు. "తప్పు నాది అన్నా" అన్నాను. ఆయన తల ఊపి, లేచి లేత్ స్విచ్ వేసినాడు.

ఆ మూడు ముక్కల్ని ఇప్పుడు ప్రతి జనవరిలో ఆయన ముందరే కొలుస్తాను, సగం రోజు పట్టినా సరే. అది మంచి పద్ధతే, కానీ ఆ కేసు నేర్పింది అది కాదు. కొలత తప్పితే దిద్దేకి మార్గాలున్నాయి, వాటిని మాకు చదువులోనే చెప్తారు. ఒక పనిమంతుడు తన చేతిని తానే అనుమానించుకుంటూ కూర్చున్న ఆ పది దినాలను దిద్దేకి నాకు ఏ మార్గమూ తెలియదు. అందుకే ఇప్పుడు తప్పు దొరికితే రిపోర్టు తర్వాత రాస్తాను, ముందు ఆ మనిషి దగ్గరికి పోయి చెప్తాను.